ఎడమవైపు తలుపు

నాన్నని పూడ్చిన రోజు చలి మైనస్ ఇరవై రెండు.
ముందు రాత్రంతా బొగ్గులు పోసి కాల్చితే గానీ
శ్మశానంలో గునపం దిగలేదు.
"నిప్పు ఆయనకి ఆ మాత్రం రుణపడే ఉందిలే"
అంది మైము అత్త.

హెల్దుర్ సార్నిత్, పొయ్యిలు కట్టే మేస్త్రి.
వోరు పట్టణం చుట్టూ ఉన్న పల్లెల్లో
ఇంటి నడిమధ్య గోడంత ఎత్తున నిలబడి
ఒక పూట మండితే మర్నాటిదాకా
వీపులు కాచే ఇటుక పొయ్యిలు.
లెక్క ఆయన రాసుకోలేదు.
అమ్మ రాసింది, పాత కాలెండర్ల వెనక:
మూడు వందల పన్నెండు.
డబ్బు రానివాటి పక్కన సున్నా చుట్టింది.
సున్నాలు చాలానే ఉన్నాయి.

బంకమన్నుని నాలుక మీద వేసుకుని చూసేవాడు.
ఇసుక ఎక్కువైతే పళ్ళ కింద కరకర,
తక్కువైతే "ఇది ఎండాక ఏడుస్తుంది" అని పక్కన పెట్టేవాడు.
ఇటుకని చెవి దగ్గర పట్టుకుని తాపీ పిడితో తట్టేవాడు.
ఖంగుమన్నది పొయ్యికి,
డొల్లగా పలికింది కోళ్ళగూటికి.
పని అయ్యాక అగ్గిపుల్ల గీసి
పొయ్యి నోటి దగ్గర పట్టుకునేవాడు.
మంట లోపలికి తల వంచితే
టోపీ తీసేవాడు.
అంతే. అది ప్రార్థనో సంతకమో
మేం అడగలేదు.

శుక్రవారం రాత్రి ఇల్లు చేరేవాడు,
చెవుల్లో మసి, జేబుల్లో ఎవరి తోటవో ఆపిల్ పళ్ళు.
శనివారం ఆవిరిస్నానం గదిలో
అమ్మ ఆయన వీపు రుద్దుతూ
వారం కబుర్లన్నీ ఆ వీపుకే చెప్పేది.
ఆయన "ఊఁ" అనేవాడు.
పెళ్ళంటే అదే అనుకున్నాను చాలా కాలం.
ఇప్పుడూ పెద్దగా మారలేదు ఆ అభిప్రాయం.

ఇంతకీ మా ఇంటి పొయ్యి?
అది పొగ కక్కేది.
"వచ్చే వేసవిలో" అనేవాడు.
పదిహేడు వేసవులు అన్నాడు.
గాలి పడమట నుంచి తిరిగితే చాలు
మా పుస్తకాలకీ దుప్పట్లకీ పొగ కంపు.
బళ్ళో తమ్ముడు ఉర్మస్‌ని
పొగబెట్టిన చేప అని పిలిచేవాళ్ళు.
ఈ మాట సమాధి దగ్గర చెప్పి వాడు నవ్వాడు,
నవ్వు ఆపుకోలేక ఏడ్చాడు.

అమ్మ కుడి భుజం పడిపోయిన ఏడు,
డెబ్భై నాలుగో ఏట, పాతదాన్ని కూల్చాడు.
సాయానికి ఎవర్నీ రానివ్వలేదు.
రోజుకి పదకొండు ఇటుకలు,
పన్నెండోది మోకాళ్ళు ఒప్పుకునేవి కావు.
కుర్ర మేస్త్రిని పెట్టుకో, డబ్బు మేం ఇస్తాం
అని ఫోన్లో కోప్పడ్డాను.
ఫోన్లోనూ "ఊఁ" అన్నాడు.

నిన్న బంధువులు వెళ్ళిపోయాక
బూడిద తీద్దామని వంగాను.
చేయి అలవాటుగా కుడివైపు తడిమింది.
సెలవుల్లో ఆయన వెంట బకెట్ మోసినదాన్ని,
నాకు తెలుసు,
ఏ ఇంట్లో కట్టినా బూడిద తలుపు కుడివైపే.
ఇక్కడ లేదు.
ఎడమవైపు ఉంది.
నేల దగ్గర కాదు,
స్టూలు మీద కూర్చుంటే మోచేతికి అందే ఎత్తులో.
గడియ కూడా ఎడమచేతి బొటనవేలికి తగ్గట్టు తిప్పి ఉంది.
పక్కనే ఇటుకల్లో చిన్న గూడు,
కళ్ళజోడు పట్టేంత.

"ఇది నీ కోసమని చెప్పాడా?" అడిగాను.
అమ్మ పొయ్యికి వీపు ఆనించి కూర్చుంది.
"చెప్పే మనిషేనా" అంది.
కాసేపాగి,
"రెండు బర్చ్ కట్టెలు వేయి. దేవదారు వేయకు,
పొగగొట్టం పాడవుతుందని తిడతాడు."

అగ్గిపుల్ల గీసి పొయ్యి నోటి దగ్గర పట్టుకున్నాను.
మంట లోపలికి తల వంచింది.
నాకు టోపీ లేదు.
తలకి కట్టుకున్న నల్ల రుమాలు విప్పాను.
"చలి," అంది అమ్మ,
"మళ్ళీ కట్టుకో."